పెద్దలను పిలిచే మాట

మొన్న పెద్దలకు పెట్టుకున్న రోజున, మలేషియాలో, సైబర్‌జయలోని మా ఇంటికి, మనవరాలితో కలిసి చదువుకునే ఘనా దేశపు అమ్మాయి భోజనానికి వచ్చింది. మీ దేశంలో ఏ భాష మాట్లాడతారమ్మా అని మాటవరసకు అడిగాను. తల్లితో గా భాష, తండ్రితో ఎవే, బజారులో ట్వి, బడిలో ఇంగ్లీషు అని ఆ పిల్ల చెబుతుంటే, మా మనవరాలు దాన్ని నాకు మలాయి భాషలో విప్పి చెప్పింది.

మా చిన్నతనంలో మాకూ అలాగే ఉండేది కదా. కువాలా సెలంగోర్ దగ్గర తోటలో పని జరిగేది తమిళంలో, దుకాణంలో బేరం మలాయిలో, గడప దాటి లోపలికి వస్తే తెలుగు. పెద్దల రోజున ఆకు నిండా వడ్డించి, పోయినవాళ్లను పేరుపేరునా తినడానికి పిలవడం మా నాన్న వంతు. ఒక ఏడాది, పొద్దుటినుంచీ తోటలో తమిళంలో కేకలేసి వచ్చిన నాన్న, అలవాటు కొద్దీ "వాంగ, వాంగ" అనేశాడు. మా నాయనమ్మ అదిరిపడింది. "ఏటి సేసినావురా, ఆలకి మన మాటే తెలుసును, అరవంలో పిలిస్తే ఇంకెవలినో అనుకుని ఎలిపోతారు గదా" అని ఆకు తీయించి, పొయ్యి మళ్లీ వెలిగించి, అన్నీ మొదటినుంచి వండించింది. కడుపులు నకనకలాడుతున్నా మేం పిల్లలం చాటుకు పోయి ఒకటే నవ్వు.

ఈ సంగతి చెబితే ఆ ఘనా పిల్ల మాత్రం నవ్వలేదు. వాళ్ల తాత కూడా నేలమీద ధార పోసి పెద్దలను వాళ్ల భాషలోనే పిలుస్తాడట, ఆ పిలుపు తానూ నేర్చుకుందట. అంతటితో ఊరుకోక, మరి నువ్వెలా పిలుస్తావని మా మనవరాలిని అడిగింది.

మనవరాలు వాళ్ల నాన్న వైపు చూసింది, మా అబ్బాయి పళ్లెంలోకి చూశాడు. తెలుగు అర్థమవుతుంది గాని చెప్పడం రాదని, అదీ మలాయిలోనే, మనవరాలు నాతో మెల్లగా అన్నది. ఆ పొద్దున ఆకు ముందు నిలబడి అందరినీ పిలిచింది నేనొక్కదాన్నే.

నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో ఆకులోకి కూరలకు కరువు గాని పిలిచే నోటికి కరువు లేదు. రేపు నేను పోయాక నాకూ ఆకు వేస్తారు, నాకిష్టమైనవన్నీ వడ్డిస్తారు, అందులో లోటు చేయరు. మలాయిలో పిలిచినా సరే వెళ్లి తిని రావాలనే ఉంది నాకు, కాని అక్కడ మా నాయనమ్మ నన్ను లేవనిస్తుందా?