గుప్పెడు పాత పడక

మా చిన్నాయన పోయిన కబురు నాకు తర్లుపాడులో తెలిసింది. కందుల బేరానికని పొద్దున్నే వెళ్ళాను. కాటా దగ్గర నిలబడి ఉండగా మా ఆవిడ ఫోన్ చేసింది. "చిన్నమామ లేవలేదండీ. కాఫీ ఇద్దామని పోయి పిలిచినా, పలకలేదు. చెయ్యి చల్లగా ఉంది" అంది. ఆ తర్వాత ఏడుపే వినిపించింది. రైతుకు ఒక మాట చెప్పి మోటార్ సైకిల్ ఎక్కాను. దారి పొడుగునా ఏడ్చానని రాస్తే బాగుంటుంది కానీ అది నిజం కాదు. మార్కాపురం పొలిమేర దాకా నా బుర్రలో తిరిగింది ఒక్కటే. చుట్టాలు వస్తారు, మిద్దె ఎక్కుతారు, ఆ వాసన చూస్తారు. ఇప్పుడెట్లా?

వాసన సంగతి చెప్పాలి. మాది కిరాణా దుకాణం. కింద దుకాణం, దాని వెనక బియ్యం గోడౌను, ఆ పక్క భాగంలో మేము, మిద్దె మీద గదిలో చిన్నాయన. మా నాయనకు తమ్ముడు, పెళ్ళి చేసుకోలేదు. ఆ గదిలో ఆయనతో పాటు ఎలుకలు ఉండేవి. దొంగతనంగా చేరినవి కావు, ప్లాస్టిక్ టబ్బుల్లో ముద్దుగా పెంచుకున్నవి. పాలలాంటి తెల్లవి కొన్ని, తోక ఉందో లేదో తెలియని బొద్దు హ్యామ్‌స్టర్లు కొన్ని. గుంటూరులో పెంపుడు జంతువులు అమ్మే ఒకాయన అప్పుడప్పుడు వచ్చి పిల్లల్ని తీసుకుపోయేవాడు. కింద మేము ఎలుకల మందు, బోనులు అమ్మేవాళ్ళం. పైన ఆయన ఎలుకలకు పురుళ్ళు పోసేవాడు. ఇది బజారుకు తెలిస్తే మన బియ్యం ఎవరు కొంటారని మా నాయన భయం. దుకాణంతో పాటు ఆ భయం కూడా నాకే వచ్చింది.

మొదలైంది ఒక్క జంటతో. మా వీధిలో అద్దెకున్న బ్యాంకు ఉద్యోగికి బదిలీ అయితే, వాళ్ళ పిల్లలు ఏడుస్తూ తెచ్చి హ్యామ్‌స్టర్ల జతను చిన్నాయన చేతుల్లో పెట్టి పోయారు. అందులో ఒకటి వేరుశనగ గింజలు బుగ్గల్లో కుక్కుకుంటుంటే ఆయన మురిసిపోయాడు. "చూడ్రా, ఇది కూడా దుకాణదారే. సరుకంతా గోడౌన్లో వేసుకుంటా ఉంది" అన్నాడు. మా నాయన నవ్వలేదు. నాకు నవ్వొచ్చింది కానీ నాయన మొహం చూసి ఆపుకున్నాను.

ఎవరైనా జంతువుల్ని పెంచితే ముందు తిండి గురించి మాట్లాడతారు. మా చిన్నాయన ధ్యాసంతా వాటి కింద పరిచే పడక మీదే. "తిండిదేముంది రా, కింద దుకాణమే ఉంది. అది పండుకునేది, ఉచ్చ పోసుకునేది, కనేది అంతా ఆ టబ్బులోనే. మనం కింద ఏమేస్తే అదే దానికి గాలి" అనేవాడు. ఏది పరచాలన్న దాని మీద ఆయన చేసినన్ని ప్రయోగాలు మా నాయన వ్యాపారం మీద కూడా చేసి ఉండడు.

మొదట కలప డిపో నుంచి రంపపు పొట్టు తెచ్చాడు. ఊరికే వస్తుంది కదా అని. అది గోధుమపిండిలాగా సన్నం. రెండు పూటలు గడిచేసరికి తెల్ల ఎలుకలు తుమ్మడం మొదలుపెట్టాయి. ఎలుక తుమ్మడం నేను అప్పుడే విన్నాను. ఆయన ఆ పొట్టంతా ఎత్తి పారేసి, వడ్రంగి దగ్గర చిత్రిక పట్టగా రాలిన చుట్టలు తెచ్చాడు. అందులోనూ ఏరుకునేవాడు. పచ్చి చెక్కవీ, ఘాటు వాసన ఉన్నవీ వద్దని పక్కన పెట్టేవాడు. మిగిలినవి బట్టలో వేసి, ఎండలో దులిపి, దుమ్ము ఎగురుతుందేమోనని వెలుతురులో చూసేవాడు. వడ్రంగి ఒకసారి నన్ను అడిగాడు. "మీ చిన్నాయనకేమైనా పిచ్చా అన్నా? పొట్టును వాసన చూసి కొంటాడు." నేను నవ్వేసి, పొయ్యిలోకని చెప్పాను.

ఊక కొన్నాళ్ళు పరిచాడు. తడి పీల్చదు, పైగా గుచ్చుకుంటుందని మానేశాడు. దొనకొండ నుంచి చుట్టాలెవరో శనక్కాయల పొట్టు మూట పంపిస్తే సంబరపడ్డాడు కానీ, ముసురు పట్టగానే అది బూజెక్కింది. ఏది మార్చినా ఆయన పరీక్ష ఒకటే. టబ్బు మీది జాలీ మూత తీసి, మొహం లోపలికి వంచి, కాసేపు అట్లాగే ఊపిరి పీల్చేవాడు. "మనం ఉండలేకపోతే దాన్ని ఉంచకూడదు" అనేవాడు. నేను గుమ్మం అవతలే ముక్కు మూసుకుని నిలబడేవాణ్ణి. ఈ మధ్య గుర్తు చేసుకుంటే అనిపిస్తోంది, అసలు ఆ గదిలో అంత వాసన ఉండేదా అని. మొహం పెట్టి చూసిన మనిషి ఆయన. దూరం నుంచే ముక్కు మూసుకున్నది నేను.

ఆయన సిగ్గుపడగా మాత్రం నేను ఒక్కసారే చూశాను. ఒక చలికాలం హ్యామ్‌స్టర్ పిల్లలు వణుకుతున్నాయని తన పరుపు విప్పి దూది పరిచాడు. మెత్తగా, వెచ్చగా ఉంటుందనుకున్నాడు. ఆ దూది పోగు ఒక పిల్ల కాలికి చుట్టుకుని బిగిసిపోయింది. చూసేసరికి కాలు నల్లబడింది. ఆ తర్వాత అది మూడు కాళ్ళతోనే బతికింది. గుంటూరు ఆయన వచ్చినప్పుడల్లా ఆ టబ్బును మంచం వెనక్కి జరిపేవాడు. అమ్ముడుపోదని కాదు. "దాన్ని చూస్తే నా మొహం నాకే చూడబుద్ధి కాదు రా. మెత్తగా ఉందో లేదో నా చేత్తో చూసినా గానీ, దాని కాలితో చూడలేదు" అన్నాడు. అది చచ్చిపోయేదాకా దాని టబ్బు ముందు శుభ్రం చేసి, తర్వాతే మిగతా వాటి జోలికి పోయేవాడు.

చివరికి కాగితం దగ్గర ఆగాడు. పొట్లాలకని మేము తూకానికి కొనే పాత పేపర్లలో ఆయన వాటా తీసుకునేవాడు. నున్నగా మెరిసే రంగుల పేజీలు వద్దు. శుభలేఖలు అసలే వద్దు, ఆ బంగారు పొడి రాలుతుందట. మధ్యాహ్నం బేరాలు తగ్గాక దుకాణం వెనక బల్ల మీద కూర్చుని సన్నగా, పొడుగ్గా చించేవాడు. కత్తెర వాడేవాడు కాదు. చింపిన అంచు మెత్తగా ఉంటుందని ఆయన లెక్క. వచ్చినవాళ్ళు "ఏంది చిన్నాయనా, పేపరంతా చింపుతాన్నావే" అనేవాళ్ళు. ఆయన నోరు తెరిచేలోపే నేను అందుకునేవాణ్ణి. "గాజు సీసాలు సర్దాలన్నా, మధ్యలో పెట్టడానికి" అని. ఆయన నా వైపు చూసి, మళ్ళీ తలవంచుకుని చించుకునేవాడు. నన్ను ఒక్కనాడూ అబద్ధాలకోరని అనలేదు. అనుంటే బాగుండేది.

ఇంకో మాట ఆయన ఎప్పుడూ చెప్పేవాడు. నాకూ చెప్పాడు, మా ఆవిడకూ చెప్పాడు. "కన్నదాని టబ్బు జోలికి పోవద్దు. తప్పక మార్చాల్సి వస్తే అంతా తీసేయొద్దు. గుప్పెడు పాతది ఉంచు. అంతా కొత్తదైతే దానికి ఆ ఇల్లు ఎవరిదో తెలీదు. పిల్లలు ఎవరివో తెలీదు. భయపడి ఏమన్నా చేస్తది." పిల్లల్ని ముట్టుకోవాల్సి వస్తే ముందు ఆ పాత కాగితాల్లో తన చేతులు రుద్దుకునేవాడు. అవే చేతులు కడుక్కుని వచ్చి నాకు జిలేబీ పొట్లం అందిస్తే, నేను ఆకలి లేదని పక్కన పెట్టేవాణ్ణి.

పెద్దకర్మకు ముందు రోజు మా నాయన నన్ను పిలిచాడు. తమ్ముడు పోయాక ఆయన గొంతు బాగా తగ్గిపోయింది. "మిద్దె మీదంతా కడిగించు. వాని పరుపు, దుప్పటి, దిండు ఏమీ ఉంచొద్దు. రేపు అందరూ వస్తారు" అన్నాడు. పోయినవాళ్ళ పడక ఇంట్లో ఉంచకపోవడం మా ఆచారం. నాయన టబ్బుల సంగతి ఎత్తలేదు. ఆ పని నా బుర్రలోంచి వచ్చిందే. మైల కడిగేటప్పుడు ఎలుకల పడక మాత్రం ఎందుకుండాలి అనుకున్నాను. ఎలుకల కాగితాలకు మైల అంటుతుందని ఏ శాస్త్రంలోనూ ఉండదు. నాకు కావలసింది శాస్త్రం కాదు. రేపు గిద్దలూరు నుంచి వచ్చే పెద్దమ్మ ముక్కు చిట్లించకుండా ఉండాలి, అంతే.

ఖరీదైన పడకే ముందుగా తెప్పించి ఉంచాను. ఆన్‌లైన్లో, సంచీ మీద పూల బొమ్మలతో, లావెండర్ వాసనది. ఆయనకు చేతకాని మర్యాద నేను చేస్తున్నానని కూడా అనిపించింది. టబ్బులన్నీ బోర్లించి, ఫినాయిలు పోసి కడిగించి, కొత్త పొట్టు నిండుగా పరిచాను. పిల్లలున్న టబ్బుల్లో పిల్లల్ని ఒక గిన్నెలోకి తీసి, కడిగాక మళ్ళీ తల్లుల పక్కన పెట్టాను. గది ఆసుపత్రిలాగా ఘుమఘుమలాడింది.

పొద్దున వెళ్ళి చూస్తే పిల్లలు లేవు. ఏ టబ్బులోనూ లేవు. తల్లులు మూలల్లో కూర్చుని మూతులు తుడుచుకుంటున్నాయి. కాసేపు నాకు అర్థం కాలేదు. తల్లులే తినేశాయని అర్థమయ్యాక అక్కడే ఆయన మంచం పట్టె మీద కూర్చున్నాను. ఆ మంచం మీద పరుపు లేదు. కింద వంటవాళ్ళు వచ్చారని ఎవరో కేకేస్తున్నారు.

ఆ రోజు చుట్టాలంతా మిద్దె ఎక్కారు. పెద్దమ్మ ముక్కు చిట్లించనే చిట్లించింది. "ఏంది నాయనా ఈ ఫినాయిలు కంపు, కళ్ళు మండుతాండాయి" అంది. గుడ్డలు కప్పి ఉన్న టబ్బుల వైపు చూసి, "మీ చిన్నాయన ఏందో పెంచేవాడంట గదా, కుందేళ్ళా?" అని అడిగింది. "అవును పెద్దమ్మా, కుందేళ్ళే" అన్నాను. ఆయన పేరు మీద పిండం పెట్టి వచ్చి ఆ మాటన్నాను. మా ఆవిడ నీళ్ళ చెంబు పట్టుకుని పక్కనే ఉంది. నా వైపు చూడలేదు.

చుట్టాలు వెళ్ళాక ఆమె నన్ను గోడౌన్లోకి రమ్మంది. బియ్యం బస్తాల వెనక, గోనెసంచి కప్పి, ఒక టబ్బు. మేము ఏళ్ళ తరబడి ఏది జరగకూడదని బోనులు పెట్టామో అదే జరిగి ఉంది, బియ్యం గోడౌన్లో ఎలుక. లోపల ఒక హ్యామ్‌స్టర్, దాని కింద ఎర్రగా, కళ్ళు తెరవని పిల్లలు. చుట్టూ చిన్నాయన చింపిన కాగితాలు, తడిసినవి, నలిగినవి, వాసనవి.

"నువ్వు కడిగించే రోజు పొద్దున్నే ఈనింది. కాగితాలతో సహా మెల్లగా తెచ్చి పెట్టినా" అంది. కోపమొస్తే ఆమె నన్ను నువ్వంటుంది.

"నాకు చెప్పొచ్చు కదా."

"చెప్తే కడిగించేవాడివి. అన్నీ దాచేదానికి చోటేది? అందుకే ఒక్కటే." గోనెసంచి మళ్ళీ కప్పి, "చిన్నమామ ఉన్నన్నాళ్ళూ ఆయన్ని దాచినావు. ఇప్పుడు ఆయన మాట గూడా వద్దన్నావు" అంది.

ఆ టబ్బు మళ్ళీ మిద్దె మీదికి చేరింది. పిల్లలు కళ్ళు తెరిచాయి. ఇప్పుడు మధ్యాహ్నం బేరాలు తగ్గాక ఆ బల్ల మీద కూర్చుని కాగితాలు నేనే చించుతున్నాను. నాకు ఆయనంత సన్నగా రావడం లేదు. ఎందుకని ఎవరైనా అడిగితే చెబుదామనే అనుకుంటాను. నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. పెద్దమ్మకు ఫోన్ చేసి అవి కుందేళ్ళు కావని కూడా ఇంకా చెప్పలేదు. మా దుకాణంలో బియ్యం కొనేవాళ్ళు ఇది చదివితే చదవనీండి. మా చిన్నాయన ఎలుకల్ని పెంచాడు. శ్రద్ధగా పెంచాడు. ఆయన బతికున్నప్పుడు బజార్లో నిలబడి అనాల్సిన మాట ఇది, కాగితం చాటున ఇప్పుడు అంటున్నాను.

పడక మార్చేటప్పుడు గుప్పెడు పాతది ఉంచుతున్నాను. ఆ గుప్పెట్లో ఆయన చింపిన ముక్కలు ఇంకా కొన్ని కనిపిస్తాయి. సన్నటివి, పొడుగ్గా ఉన్నవి అన్నీ ఆయనవే. మార్చిన ప్రతిసారీ కొన్ని తగ్గుతున్నాయి. ముందు నా చేతులు వాటిలో రుద్దుకుని, అప్పుడు పిల్లల్ని కదిలిస్తాను. తల్లి వచ్చి నా వేళ్ళు వాసన చూసి, పరాయివాణ్ణి కాదనుకుని, ఆ పాత ముక్కల్ని నోటితో లాక్కుపోయి పిల్లల మీద కప్పుకుంటుంది. దాని పక్కనే ఆయన మంచం ఉంది, వట్టి నులకతో. ఆయన పడకలోంచి మేము గుప్పెడు కూడా ఉంచుకోలేదు.