కొక్కేనికి వేలాడిన బ్యాడ్జీ

మా అన్న పైపుల వెల్డర్. సముద్రం ఒడ్డున ఉన్న ఓ అణు విద్యుత్ కేంద్రంలో కాంట్రాక్టు పని చేస్తూ జబ్బుపడి, యూసుఫ్‌గూడలో మా ఇంటికి వచ్చాడు. నేను పనిచేసే అమీర్‌పేట బట్టల దుకాణంలో సెలవు పెట్టి, పంజాగుట్టలో ఆస్పత్రికి తీసుకెళ్లాను. రక్త క్యాన్సర్ అన్నారు.

అక్కడ ఒకసారి పైపు పగిలి కలుషిత నీళ్లు గది నిండా పారాయట. మా అన్నలాంటి కాంట్రాక్టు పనివాళ్లను పంపి గుడ్డలతో తుడిపించారు. ఆ సంగతి బయటికి పొక్కాక చాలాకాలం అక్కడి జాలర్ల చేపలు కొనేవాడే లేడట. చేపల గురించి ఊరంతా భయపడింది గానీ, నేల తుడిచినవాళ్ల గురించి ఒక్కరూ అడగలేదు. నాకు అదే మంట.

డాక్టర్ మంచివాడే. "దానివల్లే వచ్చిందని ఖాయంగా చెప్పలేమమ్మా. ఎంత రేడియేషన్ తగిలిందో తెలిస్తే, వచ్చి ఉండొచ్చని రాసిస్తాను. అప్పుడు వైద్యం ఆ కేంద్రం వాళ్లే చేయించాలి," అన్నాడు. మా వల్ల అయ్యే వైద్యం కాదది.

లోపలికి వెళ్లే ప్రతి మనిషి చొక్కాకూ రేడియేషన్ కొలిచే బ్యాడ్జీ పెడతారు. కేంద్రానికి ఫోన్ చేస్తే, మా అన్న బ్యాడ్జీలో ఏమీ లేదన్నారు. ఎలా ఉంటుంది? నీళ్లు తుడిచిన రోజు అది బట్టలు మార్చుకునే గదిలో కొక్కేనికి వేలాడుతోంది.

"దాంట్ల ఎక్కువ చూపిస్తే లోపలికి రానియ్యరు చెల్లె. పని బంద్, కూలి బంద్. అందుకే అందరం ఆడ్నే తగిలేసి పోయేటోళ్లం," అన్నాడు అన్న, అదేదో తెలివైన పనైనట్టు.

"నీకేమన్న పిచ్చా అన్నా!" అని అరిచాను. ఆస్పత్రి వరండాలో అందరూ తిరిగి చూశారు.

బ్యాడ్జీ బయటే ఉందని తోటి పనివాడు ఒక్కడు రాసిచ్చినా చాలన్నాడు డాక్టర్. ఆ రోజు అన్న పక్కనే నేల తుడిచిన స్నేహితుడికి ఫోన్ కలిపాను. అతనింకా అక్కడే పనిచేస్తున్నాడు.

"రాస్త చెల్లె. అన్న కన్న ఎక్కువనా?" అన్నాడు. నా ప్రాణం లేచివచ్చింది.

అన్న ఫోన్ లాక్కున్నాడు. "ఏం రాయకురా. నిన్ను సుత తీసేస్తరు. నీ పిల్లలు చిన్నోళ్లు," అని కట్ చేశాడు.

"మరి నీ పిల్లల సంగతేంది?" అన్నాను. నాకు కోపం వచ్చింది, ఏడుపొచ్చింది, అన్నను చూసి గర్వం కూడా కలిగింది. ఆ గర్వాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

ఇంతలో మమ్మల్ని లోపలికి పిలిచారు. ఎవరైనా రాస్తామన్నారా అని డాక్టర్ అడిగాడు. అన్న నా ముఖంలోకే చూస్తున్నాడు.

"ఎవ్వరు లేరు సార్," అన్నాను. "బ్యాడ్జీల ఏమున్నదో గదే రాయుండ్రి."