కుళాయి కింద మరియతల్లి

నా చిన్నప్పుడు మా పటాన్‌చెరు వైపు అక్టోబర్ వచ్చిందంటే జపమాల మాసం. ఆ నెలంతా చర్చిలోని మరియతల్లి స్వరూపం, అంటే విగ్రహం, రోజుకో ఇంటికి వెళ్ళేది. సాయంత్రం ఆ ఇంట్లో అందరూ చేరి జపమాల చెప్పుకునేవారు. రాత్రికి తల్లి అక్కడే ఉండేది. మరుసటి సాయంత్రం ఆ ఇంటివాళ్ళే స్వరూపాన్ని చేతుల మీద మోసుకెళ్ళి తర్వాతి ఇంటివాళ్ళకు అప్పగించాలి. ఏ రోజు ఎవరి ఇంటికో ఫాదర్ గారు ముందే ఆదివారం పూజలో చదివి చెప్పేవారు.

మా చర్చిలో రెండు రకాల వాళ్ళం ఉండేవాళ్ళం. కోస్తా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగాలకు వచ్చి క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళు కొందరు, ఊరి చివర వాడలో ఉండే మేము కొందరం. ప్రసంగంలో అందరం ఒకే దేవుడి బిడ్డలమే. బెంచీలు మాత్రం వాళ్ళవి, చాపలు మావి. బెంచీ మీద కూర్చోవద్దని మాకెవరూ చెప్పలేదు, కూర్చోమనీ చెప్పలేదు. జపమాల పట్టికలో కూడా మా వాడ ఇళ్ళు ఎప్పుడూ ఉండేవి కావు.

ఆ చర్చిని ఊడ్చేది మా నాయనమ్మ. శనివారాలు నేల కడిగి, పీఠం మీది గుడ్డలు ఉతికి, మరియతల్లి పాదాల దగ్గర ఎండిన పూలు తీసి, స్వరూపం మీది దుమ్ము మెత్తటి పాతగుడ్డతో ఒత్తి తీసేది. అక్కడ ఆమె చేయి తగిలితే ఎవరికీ పట్టింపు లేదు. "ఒక్క దినం ఆ తల్లి నా ఇంట్ల ఉండాలె" అని వచ్చిన ప్రతి ఫాదర్‌నూ అడిగేది. నాకు తొమ్మిదేళ్ళున్నప్పుడు కొత్తగా వచ్చిన ఫాదర్ గారు సరేనన్నారు. ఆ ఆదివారం పట్టికలో మా నాన్న పేరు వినిపించగానే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఇల్లంతా సున్నం వేయించింది. అప్పట్లో గాలి ఇటు తిరిగితే కంపెనీల వాసనకు కళ్ళు మండేవి. ఆ రోజు మాత్రం వాసన రావద్దని పొద్దుటి నుంచీ మొక్కుతూనే ఉంది. తన పెట్టెలో దాచుకున్న ఒకే ఒక్క పట్టుచీర మడిచి బల్ల మీద పరిచి, దాని మీద తల్లిని నిలబెట్టింది. జపమాలకు క్వార్టర్స్ నుంచి నలుగురే వచ్చారు. వాళ్ళూ వాకిట్లోనే నిలబడి జపాలు చెప్పి వెళ్ళిపోయారు. నాయనమ్మకు అవేమీ కనపడలేదు. ఆమె చూపంతా తల్లి మీదే ఉంది.

మరుసటి సాయంత్రం తల్లిని తీసుకెళ్ళాల్సింది టీచరమ్మ ఇంటికి. ఆవిడ భర్త కంపెనీలో ఆఫీసరు. ఆదివారాలు మా పిల్లలకు జపాలు, పాటలు నేర్పేది ఆవిడే. చెడ్డ మనిషి కాదు, మమ్మల్ని ఏనాడూ కసిరింది లేదు. చెడ్డ మనిషయితే తిట్టుకుని ఊరుకునేదాన్ని. నాయనమ్మ స్వరూపాన్ని గుండెలకు హత్తుకుని క్వార్టర్స్ దాకా నడిచింది, నేను పక్కన నడిచాను. టీచరమ్మ గుమ్మంలోకి వచ్చి, "వరండాలో పెట్టమ్మా, లోపలికి మేం తీసుకెళ్తాంలే" అంది. నాయనమ్మ వరండాలో దించి దండం పెట్టుకుంది.

వీధి మలుపు దాకా వచ్చాక చూసుకుంటే, తల్లి చేతికి వేలాడదీసే జపమాల నాయనమ్మ కొంగులోనే ఉండిపోయింది. ఇచ్చి రమ్మని నన్ను వెనక్కి పంపింది. వరండాలో స్వరూపం లేదు. పెరటి వైపు నీళ్ళ చప్పుడు వినిపించి అటు వెళ్ళాను. టీచరమ్మ మరియతల్లిని కుళాయి కింద పెట్టి, సబ్బు రాసి, గిన్నెలు తోమే కొబ్బరిపీచుతో రుద్దుతోంది. నన్ను చూసి ఉలిక్కిపడలేదు.

"మీ వైపు దుమ్మెక్కువ కదే, అందుకని కడుగుతున్నా" అంది. నా చేతిలోని జపమాలను రెండు వేళ్ళతో అందుకుని, అదే బకెట్లో ముంచింది.

సుద్దతో చేసిన బొమ్మ అది, పైనంతా రంగు. నేను చూస్తుండగానే నీలం రంగు నీళ్ళు తూములోకి పోయాయి. పరుగెత్తుకెళ్ళి నాయనమ్మకు చెప్పాను. ఆమె నడక ఆగిపోయింది. ఎందుకు కడిగిందో నాకు సరిగా అర్థం కాలేదు గానీ ఆమెకు అర్థమైంది. ఆ ముఖం చూశాక నాకూ అర్థమైంది. చివరికి ఆమె అన్న మాట ఇదే: "ఎవ్వలకు చెప్పకు బిడ్డా. ఇన్నేండ్లకు మనదాంక వచ్చింది. గిప్పుడు లొల్లి జేస్తే మల్ల రాదు."

ఆ సాయంత్రం జపమాలకు వచ్చినవాళ్ళు దీపాల వెలుగులో చూశారు. తల్లి చెంప మీద రంగు లేచిపోయి సుద్ద కనపడుతోంది, నీలం వస్త్రం మరకలు మరకలుగా ఉంది. నిన్న ఎవరింట్లో ఉందని ఎవరో అడిగారు. వాడలో అని ఇంకెవరో చెప్పారు. ఇక ఎవరూ ఏమీ అడగలేదట. టీచరమ్మకు అబద్ధం చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు, ఊరికే తల దించుకుని జపం మొదలుపెట్టిందట.

ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ గారు మమ్మల్ని పిలిపించారు. చర్చి మెట్ల మీద క్వార్టర్స్ వాళ్ళు పదిమంది నిలబడి ఉన్నారు, టీచరమ్మ కూడా ఉంది. ఏమైందమ్మా అని ఫాదర్ గారు నెమ్మదిగానే అడిగారు. నాయనమ్మ చేతులు కట్టుకుని, "మా ఇంట్లనే అయ్యుంటది ఫాదర్. తడి చేయి తగిలిందేమో. మాఫ్ చెయ్యుండ్రి" అంది. ఏళ్ళ తరబడి ఆ స్వరూపాన్ని పొడిగుడ్డతో తప్ప ముట్టని మనిషి. ఫాదర్ గారు నా వైపు తిరిగి, నువ్వేమైనా చూశావా అమ్మా అని అడిగారు. టీచరమ్మ నన్నే చూస్తోంది. నాయనమ్మ చేయి నా భుజం మీద బిగుసుకుంది.

"లేదు ఫాదర్" అన్నాను.

ఆ క్రిస్మస్‌కు నాకు మొదటి సత్ప్రసాదం, పూజలో ఫాదర్ పెట్టే అప్పం, ఇవ్వాల్సి ఉంది. అంతకు ముందు జీవితంలో మొదటిసారి పాపసంకీర్తనం చేయాలి. చేసిన పాపాలన్నీ జాలీ వెనకున్న ఫాదర్ చెవిలో చెప్పాలని టీచరమ్మే నేర్పింది. మోకరించి, బెల్లం దొంగిలించానని, తమ్ముణ్ణి కొట్టానని చెప్పి, ఆ తర్వాత అది కూడా చెప్పేశాను. రంగు మా ఇంట్లో పోలేదనీ, కుళాయి దగ్గర టీచరమ్మ కడగడం నా కళ్ళతో చూశాననీ, మీరడిగితే చూడలేదన్నాననీ చెప్పాను. ఫాదర్ గారు మూడు మంగళవార్త జపాలు చెప్పమన్నారు. గుండె మీది బండ దిగినట్టయింది. ఫాదర్‌కు తెలిసిపోయింది, ఇక అంతా ఆయనే చూసుకుంటారు అనుకున్నాను. ఆ మాట నాయనమ్మకు కూడా చెప్పలేదు, దానంతటదే బయటపడితే సంతోషిస్తుందని.

మళ్ళీ జపమాల మాసం వచ్చింది. ఫాదర్ గారు పట్టిక చదివారు. క్వార్టర్స్ ఇళ్ళన్నీ అయ్యాయి. చివర్లో, స్వరూపం సున్నితమైంది, కొత్తగా రంగు వేయించాం కూడా, కాబట్టి వాడవాళ్ళంతా చర్చికే వచ్చి జపమాల చెప్పుకోవాలని పెద్దలు నిర్ణయించారన్నారు. నేను చాప మీంచి మోకాళ్ళ మీద లేచి ఆయన ముఖంలోకి చూశాను. ఆయన కాగితం మడుచుకుంటూ ఉండిపోయారు.

ఇంటికి వచ్చే దారిలో ఏడుస్తూ నాయనమ్మకు అంతా చెప్పాను. ఫాదర్‌కు తెలుసు, నేను చెప్పాను, అయినా ఎందుకు చెప్పలేదని అడిగాను. షిఫ్టు బస్సులు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. ఆమె రోడ్డు పక్కనే కూలబడింది.

"గా జాలీకాడ చెప్పింది గాడనే ఉంటది బిడ్డా. ఫాదర్ పానం పోయినా బయట చెప్పొద్దు. ఎరికైనట్టు ముఖం గూడ పెట్టొద్దు. గది మన కట్టడి" అంది. నా కళ్ళు తుడుస్తూ, "చెప్పాల్సిన కాడ నీ నోరు నేనే మూపిచ్చిన. ఇగ గిసొంటి ముచ్చట్ల నా మాట ఇనకు" అంది. పెద్దవాళ్ళెవరూ పిల్లలతో అట్లా అనగా నేను వినలేదు.

ఆమె బతికున్నంత కాలం తల్లి మళ్ళీ మా ఇంటికి రాలేదు. ఆమె మాత్రం శనివారం శనివారం వెళ్ళి ఆ కొత్త రంగు మీది దుమ్ము తీస్తూనే ఉంది. ఇప్పుడు నాకు అరవై దాటాయి. చర్చి సంఘం మీటింగుల్లో నాకు గయ్యాళి అని పేరు. గొడవెందుకు, దేవుడు చూస్తున్నాడుగా అని ఎవరైనా అంటే నేను లేచి నిలబడతాను. టీచరమ్మను ఎప్పుడో క్షమించాను. ఫాదర్ గారి గురించి మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేను. పెదవి విప్పకూడదు, నిజమే. పట్టికలో ఒక పేరు రాయడానికి పెదవి విప్పక్కర్లేదు కదా. కానీ నేను మోస్తున్నది ఆ ఇద్దరి తప్పు కాదు. నాయనమ్మ పదిమంది ముందు చెయ్యని తప్పు నెత్తిన వేసుకుంటే నేను లేదన్నాను. తర్వాత నిజాన్ని ఎవరికీ వినపడని చోట గుసగుసగా చెప్పి, నా పని అయిపోయిందని మళ్ళీ అక్టోబర్ దాకా ఆమె పక్కనే హాయిగా నిద్రపోయాను.