మా మనవరాలి రెండో సూర్యుడు

మా ఇంటెదురు స్తంభానికి ఆ పెద్ద దీపం బిగించిన నాటి నుంచి నా డైరీలో ఆకాశం గురించి రాయడానికి ఏమీ లేకుండా పోయింది. ఉద్యోగంలో ఉన్నంతకాలం పంటల లెక్కలు, వాన లెక్కలు చూసేవాణ్ణి. ఆ అలవాటు పోక, రిటైరయ్యాక కూడా రోజూ ఎండ, వాన, గాలి, చివర్న ఆకాశం రాసుకుంటాను. రాత్రి భోజనం కాగానే డాబా ఎక్కి, ఏ చుక్క ఎక్కడికి వచ్చిందో చూసి దిగితేనే నాకు రోజు ముగిసినట్టు. ఇప్పుడు ఆ చోట ‘కనపడలేదు’ అని రాస్తున్నాను. మబ్బు పట్టి కనపడకపోతే నాకు కోపం లేదు. మబ్బు వాన ఇస్తుంది. ఈ దీపం ఏమిస్తుందో ఇంతవరకు ఎవరూ నాకు చెప్పలేదు.

దారి కనపడడానికే అయితే వెలుతురు దారి మీద పడితే చాలు. ఇది కొబ్బరి మట్టల మీద, మా పడకగది గోడ మీద, ఎదురుగా ఉన్న వరిచేలో, పైన ఆకాశంలో, ఎక్కడ పడకూడదో అక్కడల్లా పడుతుంది. దానిమీద ఒక రేకు గొడుగు పెట్టించండి, వెలుతురు కిందికి దిగుతుంది అని పంచాయతీ ఆఫీసుకు వెళ్లి అడిగాను. అక్కడి గుమస్తా నన్ను ఎగాదిగా చూశాడు.

“వెలుగొద్దన్న మనిషిని మిమ్మల్నే సూస్తన్నాను బాబూ. పక్కీధోళ్లు మాకెయ్యలేదని రోజూ వచ్చి తగువాడతన్నారు. అక్కడికి మార్చీమంటారేటి?”

మార్చమనలేదు, గొడుగు పెట్టమన్నాను. ఆ రెండిటికీ తేడా అతనికి అక్కర్లేదు.

నిజానికి ఈ దీపం మా వైపుకి దానంతటది రాలేదు. మా మేనత్త కొడుకు, నాకు బావ, పట్టుబట్టి తెచ్చాడు. మా ఇంటికి ఎదురుగా ఉన్న చేను అతనిదే. దీపం ఏ స్తంభానికి వెయ్యాలా అని రెండు వీధులవాళ్లు తగువుకు దిగితే, చేలోకి పందులు పడుతున్నాయని చెప్పి తన చేను మూల స్తంభానికే వేయించుకున్నాడు. పందులు ఒక వంక. పక్కవీధికి దక్కకూడదు, అదీ అసలు సంగతి. వెలిగించిన సాయంత్రం స్తంభానికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. నన్నూ పిలిచాడు. నేను వెళ్లలేదు.

మా అబ్బాయికి చీపురుపల్లి బదిలీ అయి, విశాఖ నుంచి కుటుంబంతో మా ఇంటికి వచ్చింది కూడా ఆ వేసవిలోనే. వాళ్ల అమ్మాయి ఏడో తరగతి. అపార్టుమెంటులో పెరిగిన పిల్ల. వచ్చీరాగానే డాబా మీద చాప వేసి ఆకాశం చూపిద్దామనుకున్నాను. వాళ్ల సామాను సర్దడం పూర్తయ్యేలోపే దీపం వచ్చేసింది.

దీపావళి ముందు బడిలో వాళ్లకొక పని ఇచ్చారు. భూమిని వదిలి వెళ్లాల్సివస్తే ఏ నక్షత్రం చుట్టూ ఇల్లు కట్టుకుంటారో సోమవారానికి బొమ్మ గీసి, రాసి తేవాలి. అది విని నా ప్రాణం లేచి వచ్చింది. వానలేని రోజుల్లో డైరీ పేజీ నిండక నేను ఊహించుకునేది ఇదే. మనవరాలికి వివరంగా చెప్పాను. నక్షత్రం మరీ పెద్దదైతే తొందరగా కాలిపోతుంది. మరీ చిన్నదైతే దాని దగ్గరికి జరిగి కూర్చోవాలి, అది ఊరుకోకుండా మంటలు చిమ్ముతుంది. మన సూర్యుడికంటే కొంచెం చిన్నది, నారింజ రంగుది మేలు. గ్రహం కాస్త ఒరిగి తిరగాలి, అప్పుడే కార్తెలు వస్తాయి. పిల్ల అన్నిటికీ తల ఊపింది.

శనివారం చార్టు చూపించింది. గ్రహానికి అటొక సూర్యుడు, ఇటొక సూర్యుడు.

“ఒకటి దిగిపోతే రెండోది వచ్చేస్తాది తాతా. ఇంక రాత్రే ఉండదు.”

“రాత్రి ఎందుకు వద్దు?”

“రాత్రి ఏటుంటాది? నల్లగా ఉంటాది. అంతే కదా.”

చిక్కుడుకాయలు వలుస్తున్న మా ఆవిడ తల ఎత్తింది. “రెండు సూర్యులుంటే బట్టలు బేగి ఆరతాయి గానీ, మనం తొంగునేదెప్పుడే?”

వాళ్లిద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్ల తప్పేం లేదు. చూడని దాన్ని ఎవరు మాత్రం కావాలంటారు? అది కోరుకున్న లోకం మా వీధిలోనే ఉంది, స్తంభానికి వేలాడుతూ. ఆ చార్టు బడికి వెళ్లేలోపు ఒక్కసారైనా పిల్లకి చీకటి చూపించాలనుకున్నాను. ఎలాగో తెలియలేదు. ఒకప్పుడు పూటకోసారి పోయే కరెంటు ఇప్పుడు కావాలంటే పోదు.

ఆదివారం పొద్దున్నే బావ వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది.

“బావా, ఓపాలి సేలోకి రా. ఏ తెగులో నాకంతు సిక్కడం లేదు.”

మనవరాలు కూడా మా వెనక వచ్చింది. చేనంతా కంకి వేసి వంగుతోంది. స్తంభం మూల మాత్రం వరి ముదురాకుపచ్చగా, ఏపుగా నిలబడి ఉంది. ఒక్క కంకి లేదు. ఆ ఈనని మేర, విసనకర్ర పరిచినట్టు, స్తంభం దగ్గర సన్నగా మొదలై పోనుపోను వెడల్పయింది. తల ఎత్తితే దీపం. ఒళ్లు మండిపోయింది.

“తెగులు కాదు. నువ్వు కొబ్బరికాయ కొట్టిందే ఇది. ఈ రకం వరికి రాత్రి పొడుగైతేనే పొట్టకొస్తాది. దానికి నువ్వు రాత్రి లేకుండా సేసినావు.”

“వరికి రాతిరేటి బావా? అదేటి తొంగుంతాదా?”

“తొంగోకపోతే ఏటవుతాదో సూడు.”

పిల్ల మెల్లగా అడిగింది. “అయితే నా గ్రహం మీద వరి పండదా తాతా?”

“నీ గ్రహం మీద అటుకులు కూడా దొరకవు.”

“ఏ గ్రవఁవే అమ్మా?” అన్నాడు బావ. “నా గ్రవాలు బాగోకే కదా నానేడుస్తన్నాను.”

అక్కణ్ణుంచి తిన్నగా గుమస్తా ఇంటికి వెళ్లి దీపం తీసెయ్యమన్నాడట. “కాయ కొట్టి మరీ ఎలిగించుకున్నావు గదా, ఇప్పుడు అమాస ముందర తీసెయ్యమంతావేటి?” అని అతను పదిమందిలో నవ్వాడట. వస్తూ మా అరుగు మీద కూలబడి, మంచినీళ్లు తాగి, లేచి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మేము భోజనాలు ముగిస్తుండగా దీపం ఆరిపోయింది. ఇళ్లలో కరెంటు ఉంది, దీపమే లేదు. స్తంభానికి ఫ్యూజు పెట్టె చేతికందే ఎత్తులోనే ఉంది. ఎవరు తీశారో నేను అడగలేదు, అడగను కూడా. పిల్ల చేయి పట్టుకుని డాబా ఎక్కాను. మొదట ఏమీ కనపడలేదు. “కళ్లకి అలవాటవ్వాలి, ఉండు” అన్నాను. వీధిలో అప్పుడే అరుపులు మొదలయ్యాయి. “ఎవుడ్రా దీపం తీసేసినోడు?”

చుక్కలు వచ్చాయి. ముందు పెద్దవి, తర్వాత వాటి మధ్యవి, తర్వాత పాలపుంత. తూర్పున కొబ్బరిచెట్ల మీదికి అప్పుడే ఎక్కుతున్న పిల్లలకోడిని, అదే కృత్తికల గుంపుని, చూపించాను. పిల్ల తల వెనక్కి వాల్చి అటూ ఇటూ తిరిగింది. తిరుగుతూనే అడిగింది.

“ఇవన్నీ రోజూ ఉంటాయా తాతా?”

“రోజూ.”

“మరి నాకెవరూ సెప్పలేదేటి?”

చెప్పాను. వచ్చిన రోజు నుంచీ చెబుతూనే ఉన్నాను. ఆ మాట అనేలోపు దీపం వెలిగింది. వీధిలో ఈలలు, చప్పట్లు. పిల్ల అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుంది. తన సొంత ఊరి ఆకాశాన్ని దొంగసొమ్ములా ఆదరాబాదరాగా చూసి దిగింది. ఆ చప్పట్లు తలచుకుంటే నాకు ఇప్పటికీ పళ్లు కొరుక్కోవాలనిపిస్తుంది.

సోమవారం పొద్దున చార్టు చూశాను. రెండో సూర్యుణ్ణి పూర్తిగా చెరిపెయ్యలేదు. చార్టు మూలకు జరిపి చిన్న చుక్క చేసింది. అంత దూరంలో ఉంటే రాత్రి వస్తుందట, ఆ రాత్రిలో అదీ ఒక చుక్కలా కనపడుతుందట. లెక్క ప్రకారం అందులో తప్పు పట్టడానికేమీ లేదు. గ్రహం మీద ఒక ఇల్లు, ఇంటి చుట్టూ వరి, ఇంటి ముందు ఒక స్తంభం గీసింది. స్తంభానికి దీపం, దీపానికి పైన రేకు గొడుగు.

అక్కడి పంచాయతీవాళ్లు అడగ్గానే పెట్టించినట్టున్నారు. ఇక్కడివాళ్లను అడగడానికి నేను ఇవాళ మళ్లీ వెళ్తున్నాను. ఈసారి బావ కూడా వస్తానన్నాడు.