తద్దినం నాటి ఖైనీ

నేనింకా పిల్లల వార్డులో నర్సుగా ఉన్న రోజులవి. బతు బస్తీ స్టాపులో బస్సెక్కిన ఒకామె నా పక్కన కూర్చుంది. ఒళ్లో ఉబ్బిన గుడ్డసంచి. నా తెల్లచీర చూసి నవ్వింది.

"ఆస్పత్రికేనా దీదీ? నానూ అక్కడికే. ఇయ్యాల మా ఆయన తద్దినం. ఆయనకిష్టమైంది వార్డులో పంచుదామని ఎల్తన్నాను."

బతికుండగా భర్తను తాగుడు మాన్పించే వార్డులో ఉంచారట. శరాబు కోసం చేతులు వణికినప్పుడల్లా అక్కడి నర్సులే నోట్లో పెట్టుకోమని ఇంత ఖైనీ పొగాకు ఇచ్చి కూర్చోబెట్టేవారట.

"మీవోళ్ల పుణ్యం దీదీ. మళ్లీ శరాబు ముట్టనేదు. మనిషిలాగే పోయాడు."

"ఎలా పోయాడమ్మా?"

"నోట్లో పుండు. కేన్సరన్నారు."

అంటూనే సంచి మూతి విప్పి ఒక పొట్లం నా చేతిలో పెట్టింది. మిఠాయి అనుకున్నాను. ఖైనీ! సంచి నిండా అవే.

"పంచకమ్మా! ఆ పుండు దీనివల్లే వస్తుంది" అనేశాను.

ఆమె సంచిలోకి చూసి, తలెత్తి నావంక చూసింది. తర్వాత మెల్లగా అడిగింది: "మరి మీవోళ్లే కదా దీదీ, ఇచ్చారు?"

గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. మిడిల్ పాయింట్ స్టాపులో సంచి పట్టుకుని దిగిపోయింది. ఆస్పత్రిదాకా రాలేదు.

ఇప్పుడు తాగుడు మాన్పించే వార్డుల నర్సులకు శిక్షణ ఇచ్చేది నేనే. "ముందు తాగుడు మాననివ్వండి మేడమ్, ఖైనీ సంగతి తర్వాత చూద్దాం" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఆ బస్సులో ఆమె సంగతి చెప్పి, ఆమె అడిగిన మాటే వాళ్లనడుగుతాను. అడిగి, ఆమె నావంక చూసినట్టే వాళ్లవంక చూస్తాను.