మా అత్త ఈ రోజు ఆఫీసుకు పోయింది

మా శింగనమలలో ముసలివాళ్లు పగలంతా కాలక్షేపం చేయడానికి ఒక గది ఉంది. పొద్దున అక్కడ దిగబెట్టి మేము పనులకు పోతాం, సాయంత్రం ఇంటికి తీసుకొస్తాం. విరిగిన కుర్చీలు పెట్టుకోవడానికి ఆ గది కావాలని నిన్న మండలాఫీసు ఆఫీసరుగారు తాళం వేయించారు.

ఈ రోజు మధ్యాహ్నం షాపులో జాకెట్టు కుడుతుంటే ఆయనే నాకు ఫోన్ చేశారు. "అర్జెంటుగా వచ్చి మీ అత్తగారిని తీసుకుపోండమ్మా!"

వెళ్లి చూస్తే, ఆ గదిలో ఉండే ముసలివాళ్లంతా ఆయన ఆఫీసులో ఫ్యాన్ కింద గుండ్రంగా కూర్చుని, విత్తనానికి వేరుశనగ బుడ్డలు ఒలుస్తున్నారు. పొట్టు టేబుల్ కిందిదాకా వచ్చింది. ఆయనేమో ఖాదర్ మామ చెయ్యి పట్టుకుని బాత్రూమ్ నుంచి మెల్లగా నడిపించుకొస్తున్నారు.

"ఇంటికి పోదాం పా అత్తా" అన్నాను.

"ఇంట్లో ఎవరుండారే? నువ్వు షాపుకు పోతావు, నేను గోడల్తో మాట్లాడల్లనా? ఈడ మనుషులుండారు, టీ ఉండాది. ఈ సారు శానా మంచోడు. పొద్దున్నుంచి ఖాదరును ఈయప్పే బాత్రూముకు తీసుకపోతాండాడు."

ఆ శానా మంచోడు గది తాళంచెవి తెచ్చి అత్త చేతిలో పెట్టాడు.

"ఉండు సారూ, ఈ మూట అయిపోనీ" అంది అత్త.

మీ ఊళ్లో ఇలాంటి గది లేదా? అర్జీలు రాస్తూ కూర్చోకండి. మీ పెద్దవాళ్లను ఒక్క రోజు ఆఫీసులో దిగబెట్టి రండి. బుడ్డల మూట మాత్రం పెద్దదే ఇచ్చి పంపండి.