గోడకు ఆనని తల

కాలువ నీళ్లు మా కెంచనగుడ్డ పొలాలకు అందాక పత్తి వేసే తీరు మారింది. గొర్రుతో విత్తడం పోయి, బోదెలు తోలి, వాటి పక్కన వంగి గింజలు గుచ్చడం వచ్చింది. ఒకనాటి పొద్దున అట్లా గుచ్చుకుంటూ బోదె చివరికి వచ్చి నిటారుగా లేవబోయాను. లేవలేకపోయాను. నడుములో ఏదో కొక్కెం తగులుకున్నట్టయింది.

పక్క బోదెలో ఉన్న నా భార్య సుంకమ్మ నవ్వింది. "ఏంది, గింజ యాడన్నా పారేసుకున్నావా?"

"లేయలేకుండాను."

ఆమె నవ్వు ఆగిపోయింది. వచ్చి నా చెయ్యి తన భుజం మీద వేసుకుంది. నా కంటే పొట్టి మనిషి. ఆ రోజు ఇద్దరం ఒకే ఎత్తున ఇంటికి నడిచాం.

నేను నాలుగో తరగతితో బడి మానినవాణ్ని. ఆ తర్వాతి చదువంతా సంత రోజుల్లో సిరుగుప్ప గ్రంథాలయంలో నాకు నేనుగా సంపాదించుకున్నది. నడుము నొప్పికి మూత్రపిండాల్లో రాళ్లు కారణం కావచ్చునని అక్కడే ఒక వైద్య పుస్తకంలో చదివాను. ఆ ధైర్యంతో వారాల తరబడి ఉలవకట్టు తాగాను. నొప్పి తగ్గలేదు సరికదా, పిరుదు నుంచి మడమ దాకా తీగ లాగినట్టు కాల్లోకి దిగింది. తుమ్మితే కళ్లు చీకట్లు కమ్మేవి.

చివరికి మా అన్న హనుమంతప్ప బండిలో గడ్డి పరిచి, నన్ను పడుకోబెట్టి బళ్లారి ఆస్పత్రికి తీసుకుపోయాడు. ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఆ ఫిల్మును కిటికీ వెలుతురులో చూసి, నా కాలు పైకెత్తారు. నేను కేక వేశాను.

"ఎముకలు బాగుండాయప్పా. వాటి నడుమ మెత్తని డిస్క్ ఉంటాది, అది జారి నరాన్ని నొక్కుతాండాది. స్లిప్ డిస్క్. కాలు గుంజేది సయాటికా."

"మందుండాదా సార్?"

"బెడ్ రెస్టే మందు."

ట్రాక్షన్ పెట్టారు. కాలికి పట్టీ చుట్టి, మంచం చివర కప్పీ మీదుగా బరువు వేలాడదీశారు. పక్కకు తిరగడానికి లేదు. పుస్తకం ఎత్తి పట్టుకుంటే చేతులు వణికేవి, రొమ్ము మీద పెట్టుకుంటే అక్షరాలు కనపడేవి కావు. చదువే నా సొత్తనుకున్నవాణ్ని. పైకప్పు దూలాలు తప్ప చదవడానికి నాకేమీ మిగలలేదు.

ఇంటికి పంపే రోజు డాక్టరు నన్ను గోడకు నిలబెట్టారు. "మడమలు, వీపు, తల, అన్నీ గోడకు తగలాల."

తల తగల్లేదు. నేను నిటారుగానే ఉన్నాననీ, గోడే వంకరగా ఉందనీ అన్నాను.

ఆయన నవ్వారు. "గోడ బాగుండాది. నువ్వే ఇంకా వంగి ఉండావు, నీకు తెలియడం లేదంతే. తల ఆనేదాకా చేన్లోకి దిగొద్దు. ఆ తర్వాత కూడా వంగి చేసే పని బేడ, వద్దే వద్దు."

"వంగకుండా సేద్యం యాడుంది సార్?"

నడుముకు బెల్ట్ రాసిచ్చారు.

ఇంట్లో పడసాలే నా లోకమైంది. పొద్దున అందరూ పొలాలకు పోతున్న మాటలు వినిపించేవి, తర్వాత ఈగల చప్పుడు. ఒకరోజు అన్న వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"మన రెండు చేన్ల నడుమ గట్టు తీసేస్తానప్పా. నీళ్లు పెట్టేకి సులువు. నీ ఇంటికి తిండి గింజలు నేనే పంపిస్తా. కూకోని చదువుకో."

ప్రేమతోనే అన్నాడు. కానీ గట్టు ఒకసారి పోతే మళ్లీ ఎవరూ వేయరని ఇద్దరికీ తెలుసు. "వచ్చే విత్తనం దాకా ఆగన్నా" అన్నాను.

నొప్పి రాకముందు గ్రంథాలయంలో ఒక వ్యవసాయ పత్రికలో నిలబడి గింజ వేస్తున్న మనిషి బొమ్మ చూశాను. సుంకమ్మకు అది చెప్పి తెప్పించుకుని, కమ్మరిని ఇంటికి పిలిపించాను. ద్వారబంధం పట్టుకుని లేచి నిలబడి కొలత ఇచ్చాను. రెండు వస్తువులు తయారయ్యాయి: కింద ఇనుప మొన, కాలితో తొక్కడానికి అడ్డకమ్మి ఉన్న గడ ఒకటి, పైన రేకు గరాటు బిగించిన వెదురు గొట్టం ఒకటి. గడతో గుంట పొడిచి, గొట్టంలోంచి గింజ జారవిడవాలి. నూగు అంటుకోకుండా గింజలకు పేడా మన్నూ పట్టించి ఆరబెట్టాం.

మళ్లీ విత్తే అదునుకు కాలువ వదిలారు. గోడ సంగతి పక్కన పెట్టి చేన్లోకి దిగాను.

"సూడండప్పా, దొర మాదిరి నిలబడి విత్తుతాండాడు!" అని పక్క చేనివాళ్లు నవ్వారు. నాకు అది పొగడ్తలాగే వినిపించింది. మధ్యాహ్నానికి మళ్లీ అదే కొక్కెం తగులుకుంది. నన్ను మోసుకుని ఇంటికి తెచ్చారు.

"సాకప్పా, చాలు ఇంక" అన్నాడు అన్న. "పుస్తకం సేద్యం పుస్తకంలోనే బాగుంటాది. ఎల్లుండి గట్టు తీసేస్తా."

ముఖం గోడ వైపు తిప్పుకుందామన్నా నడుము తిరగనివ్వలేదు.

మరునాడు మిగిలిన బోదెలకు సుంకమ్మ ఆ గొట్టం, గడ తీసుకుని పోయింది. సాయంత్రం వచ్చి, "నడుమే తెలీలేదు. నా కోసరమే చేసినట్టుండాది" అంటూ ఆగింది. గొట్టాన్ని పక్కన నిలబెట్టుకుని నా వైపు చూసింది. "నాకింత బాగా సరిపోతే నీకెట్ల సరిపోతాది? నువ్వు నాకంటే జానెడు పొడుగు గదా?"

కమ్మరి కొలత తప్పలేదు. వంగిన మనిషిని కొలిచాడు. నేను నిటారుగా నిలబడ్డాననుకుని, వంగిన నడుముకే పనిముట్టు చేయించుకున్నాను. అది నన్ను అట్లాగే వంచి ఉంచింది.

అన్న పార తీసుకుని వచ్చేసరికి సుంకమ్మ గట్టు మీద నిలబడి ఉందట. "గట్టు జోలికి రావద్దు బావా. నిన్నట్నుంచి నేను నిలబడే ఏస్తాండా."

ఆయన బోదెల వైపు చూసి, "సరే, మొలవనీ" అని పార భుజాన వేసుకున్నాడు.

పత్తి మొలిచింది. ఆ పంట ఆమెదే. నేను చెక్క పలక మీద పడుకునేవాణ్ని, రోజూ పొద్దున గోడకు నిలబడేవాణ్ని. నెలల తర్వాత ఒకనాడు సుంకమ్మ నా తల వెనక వేలు దూర్చబోయి, "దూరడం లేదు" అంది. అదే గోడకు నిలబడి కమ్మరికి కొత్త కొలత ఇచ్చాను.

ఇప్పుడు మా చూరులో రెండు గొట్టాలున్నాయి, పొడుగుది నాది. మూటలు ఎత్తను. చలికి కాలు గుంజితే పని ఆపేస్తాను. మా ఇళ్లలో మొదటి గింజ చేత్తోనే మన్నులో పెట్టాలి. అందరూ వంగి పెడతారు, నేను మోకాళ్ల మీద కూర్చుని పెడతాను. గట్టు మీద గడ్డి మొలిచింది, అన్న ఎద్దులు మేస్తున్నాయి.

నడుము నొప్పి ఉన్న సేద్యగాళ్లకు ఒక్క మాట. ఇట్లాంటి పనిముట్టు చేయించుకునే ముందు గోడకు నిలబడండి. మడమలూ తలా ఆనితేనే కొలత ఇవ్వండి. ఆనకపోతే, ఆ ఏటికి ఇంట్లో నిటారుగా ఉన్నవాళ్ల కొలతకు చేయించి, వాళ్లను వేయనివ్వండి.